ముప్పై ఒక్క ‘లేదు’లు

పందొమ్మిదేళ్ళు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దాను. ప్రెస్సు మూతపడింది గానీ నా జబ్బు వదల్లేదు. మందు సీసా మీదైనా, బస్సు వెనకైనా, అక్షరం కనబడితే చాలు, కళ్ళు తప్పు కోసం వెతుక్కుంటాయి. మా వదిన నన్ను ‘భూతద్దం’ అంటుంది. ముద్దుగా కాదు. అలాంటి నేను ఒకే తప్పుని ఆరేళ్ళపాటు మా ఇంట్లో, మా భోజనాల బల్ల మీదే ఉంచుకుని కనిపెట్టలేదు. అది బయటపడింది ఒక వేసవిలో, నలభై రోజుల్లో.

ఇంట్లో నలుగురం. అన్నయ్య లిఫ్టులు బాగుచేసే మెకానిక్. వదిన బేకరీ కౌంటర్లో పనిచేస్తుంది. వాళ్ళమ్మాయికి పద్నాలుగేళ్ళు, ఇంట్లో దాని పేరు రేడియో. లేచింది మొదలు వాగుతూనే ఉంటుంది. మెట్ల మీద ఎవరు ఎవరిని ఏమన్నారో ముగ్గురి గొంతులతో వినిపించగలదు. నేను దానికి మేనత్తని. ప్రెస్సు పోయాక రెండేళ్ళుగా ‘పై గది’లో గుమాస్తా పని చేస్తున్నాను.

పై గది అంటే కళ్ళజోళ్ళ షాపు మీద, రెండో అంతస్తులో ఉన్న ట్యూషన్ కేంద్రం. మామూలు బడిలో ఇమడలేని పిల్లలు అక్కడికి వస్తారు. ఒక్కొక్కరికి ఒక్కో కారణం. పన్నెండు కుర్చీలు, ముగ్గురు టీచర్లు. ముందు బడి నుంచి ఫైలు వస్తుంది, తర్వాత విద్యా ఆఫీసు చూస్తుంది, ఆ తర్వాత మా పెద్ద టీచర్ పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడుతుంది. అప్పుడుగానీ చేర్చుకోరు. ఫైల్లో ఉన్న ముక్కల్ని చేరిక ఫారంలోకి ఎక్కించడం నా వంతు.

విద్యా ఆఫీసు నుంచి మా ఇంటికి కవరు వచ్చిన రోజు అన్నయ్య ఇంట్లోనే ఉన్నాడు. నిలబడే చదివాడు. ‘చదవలేని, రాయలేని, మాట్లాడలేని బాలిక అయినందున’ మా పిల్లని ఒక ప్రత్యేక వసతి పాఠశాలకి పంపాలని నిర్ణయించారట. రైల్లో పదకొండు గంటల దూరం. సెలవులకి తప్ప ఇంటికి రాదు. బడులు తెరిచేలోగా, అంటే నలభై రోజుల్లో, ఆమోదం ఉన్న ట్యూషన్ కేంద్రం ఏదైనా చేర్చుకుంటే మాత్రం ఆ నిర్ణయం రద్దవుతుంది.

“మాట్లాడలేనిదా?” అన్నాడు అన్నయ్య. “ఇదా?”

వంటింట్లో రేడియో కింది వాటా ఆవిడకీ పాలాయనకీ పొద్దున జరిగిన గొడవ వాళ్ళమ్మకి వినిపిస్తోంది. మధ్యమధ్యలో పాలాయన దగ్గుతో సహా.

“బళ్ళో నోరు విప్పదు కదన్నయ్యా,” అన్నాను.

“బళ్ళో నోరు విప్పకపోతే అది పొగరు. పుస్తకం చదవకపోతే అది బద్ధకం. దానికి ఊళ్ళు దాటించడం దేనికి?”

“అయితే మా పై గదికి పంపు. ఒక కుర్చీ ఖాళీగా ఉంది.”

“నా కూతురికి ఏ లోపమూ లేదు. మీ మేడా వద్దు, వాళ్ళ హాస్టలూ వద్దు. ఈ నలభై రోజులు నేనే కూర్చోబెడతా. ఎందుకు దారికి రాదో చూస్తా.”

ఆ కూర్చోబెట్టడం మాకు కొత్త కాదు. ఆరేళ్ళుగా సాయంత్రం ఆరయ్యేసరికి అన్నయ్య చేతుల గ్రీజు కడుక్కుని బల్ల దగ్గర కూర్చునేవాడు. పక్కన రేడియో, ముందు పుస్తకం. కొన్నాళ్ళు పాఠం గడగడా అప్పజెప్పేది. కొన్నాళ్ళు మూగనోము పట్టేది. అప్పుడు మొదలయ్యేది కేక. “చదవలేదు అని మళ్ళీ రాసి పంపారు! ఎందుకు చదవలేదు? నోరు పడిపోయిందా?” ఆ వేళకి వదిన వంటింట్లో కుళాయి ధారగా తిప్పేది. నేను ఆరేసిన బట్టలు తేవడానికి డాబా ఎక్కేదాన్ని, బట్టలు ఆరేసి లేకపోయినా. మా అన్నయ్య చెడ్డవాడు కాదు. చెయ్యెత్తి ఎరగడు. కానీ ఆ గంట మా ఇంట్లో ఎవరికీ బాగుండేది కాదు, ఇప్పుడు తలుచుకున్నా బాగుండదు.

మూడు రోజులకి బడి ఫైలు నకలు మా పై గదికి వచ్చింది. ఆమోదం ఉన్న కేంద్రాలన్నిటికీ పంపుతారు. అట్ట మీద మా ఇంటి పేరు చూసి పెద్ద టీచర్ దాన్ని నా బల్ల మీద పెట్టింది. ఆవిడ అరవై దాటిన మనిషి, పెద్దగా మాట్లాడదు, మాట్లాడితే మాత్రం తిరుగుండదు.

“మీ మేనకోడలా? అయితే చేర్చుకోవాలా వద్దా అన్నది మీరు చెప్పకండి. ఫారం నింపండి చాలు.”

మా ఫారంలో ప్రతి పనికీ మూడు గళ్ళు ఉంటాయి. చేయగలదు, సాయం ఉంటే చేయగలదు, చేయలేదు. దాన్ని బట్టే అంతా. అసలు మాటే రాని పిల్లలకి నేర్పే మనిషి మా దగ్గర లేదు కాబట్టి వాళ్ళని తీసుకోలేం. అన్నీ వచ్చి మొండికేసే పిల్లల్ని తిరిగి బడికే పంపుతాం. ఈ రెండిటికీ మధ్య ఉన్నవాళ్ళ కోసమే ఆ పన్నెండు కుర్చీలు.

మొదటి కాగితం మూడో తరగతిది. ‘పాఠం చదవలేదు’ అని ఉంది. మూడో గడిలో టిక్కు పెట్టబోయి ఆగాను.

చదవలేదు అంటే? ఆ రోజు చదవలేదనా? లేక చదవడం దానికి చేతకాదనా?

కింద కాగితం చూశాను. ‘డిక్టేషన్ రాయలేదు.’ ‘బోర్డు మీది లెక్క ఎక్కించుకోలేదు.’ ‘అడిగినదానికి జవాబు చెప్పలేదు.’ ‘ఒక చోట కూర్చోలేదు.’ ‘తోటి పిల్లలతో కలవలేదు.’ ఏ మాట తిప్పి చూసినా అటొక అర్థం, ఇటొక అర్థం. ఒంట్లో ఏదో పాకినట్టయింది. ప్రెస్సులో పెద్ద తప్పు దొరికినప్పుడు అలాగే ఉండేది, కొంచెం సంతోషం, ఎక్కువ భయం.

మగపిల్లాడైతే ఈ గొడవే లేదు. చేతకాకపోతే ‘చదవలేడు’ అని రాసేవారు, ఒక్క అక్షరంతో తేలిపోయేది. పెద్దావిడ అయినా తేలిపోయేది, ‘చదవలేరు’ అని మర్యాదగా రాసేవారు. ఎటూ కానిది ఆడపిల్ల ఒక్కతే. మన భాషలో దాన్ని తీసుకెళ్ళి బల్లతోనూ కుర్చీతోనూ కలిపి కట్టారు. పందొమ్మిదేళ్ళు ఈ భాషలోనే తప్పులు దిద్ది తిన్న నేను, ఇది ఆ రోజే చూశాను.

లెక్కపెడితే ముప్పై ఒక్క ‘లేదు’లు తేలాయి. పద్నాలుగో దాని కింద తల్లిదండ్రులు రాయాల్సిన చోట గుండ్రటి అక్షరాలతో ఒకే మాట ఉంది. ‘చదివిస్తాం.’ అది నా చేతిరాత. ఆ రోజు అన్నయ్య ఊళ్ళో లేడు, ప్రోగ్రెస్ కార్డు మీద నేనే సంతకం పెట్టి పంపాను. ఒక్క పొల్లు కూడా తప్పు లేకుండా రాశాను.

పెద్ద టీచర్ దగ్గరికి ఫైలు పట్టుకుని వెళ్ళాను. అంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

“ఆఫీసువాళ్ళు ఏమనుకున్నారు?”

“అన్నీ చేతకావని. చదవలేని, రాయలేని, మాట్లాడలేని అని రాశారు.”

“మీ అన్నయ్య?”

“అన్నీ చేతనవుననీ, కావాలనే చేయడం లేదనీ.”

“మీరు?”

“నాకు తెలియదండి,” అన్నాను. ఆవిడ అంది. “మీకేమీ తెలియకపోవడం మంచిదే. వెళ్ళి తెలుసుకోండి. ఒక్కో లేదు ఎలాంటి లేదో.”

మూడో తరగతి టీచర్ రిటైరైపోయింది. అడ్రసు పట్టుకుని వెళ్ళేసరికి వరండాలో కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. నాకూ ఒక దోసెడు కాయలు ఇచ్చింది, ఊరికే కూర్చోవడం ఎందుకని. కాగితం చూపించి అడిగాను, ఇది మీరు రాసిందేనా అని.

“నేనే. పాఠం చదవలేదు.”

“అంటే ఏమిటండీ?”

“అంటే చదవలేదని.”

“అదే, చదవలేదనా, చదవలేదనా?”

ఆవిడ నా మొహం ఒకసారి చూసి బఠాణీల గిన్నె కొంచెం తన వైపు జరుపుకుంది. నేనే తేరుకుని మళ్ళీ అడిగాను. “చదవడానికి ఇష్టపడలేదా, చదవడం చేతకాలేదా?”

“చేతకాలేదమ్మా! ఎంత ఏడ్చేదో. కష్టపడేది పాపం. అక్షరం అక్షరం విడిగా చూపిస్తే చెప్పేది. పక్కపక్కన పెడితే జారిపోయేవి. అందుకే గదా రాసి పంపాను, ఎవరికైనా చూపిస్తారని. నాలుగుసార్లు రాశాను. మీ ఇంటినుంచి ఒక్కరూ రాలేదు.” కాయ ఒకటి చిదిపి గింజలు గిన్నెలో వేసింది. “పిల్ల మీద మీకెవరికీ పట్టింపు లేదనుకున్నాను.”

నాకు చాలా సిగ్గేసింది. నాలుగుసార్లూ మేం చదివాం. నాలుగుసార్లూ చదివి, దాన్ని తిట్టాం.

“తర్వాతి టీచర్లు కూడా అలాగే రాశారండీ,” అన్నాను.

“వాళ్ళు నాది చూసి రాసుంటారు. కొత్త పిల్ల రాగానే పాత కాగితమే గదా ముందు చూస్తాం.” ఇంకో దోసెడు కాయలు నా ఒళ్ళో పోసి, నా చేతిలోని మిగతా కాగితాలు తిప్పి చూసింది. “మాట్లాడలేదు అని కూడా ఉందా? నా క్లాసులో బానే మాట్లాడేదే!”

ఆ సాయంత్రం ఆరింటికి డాబా ఎక్కలేదు. బల్ల దగ్గరే కూర్చున్నాను. అన్నయ్య ఆశ్చర్యంగా చూశాడు. టీచరు చెప్పిందంతా చెప్పాను. విన్నంతసేపూ పుస్తకం అంచు బొటనవేలితో గీకుతూ ఉన్నాడు.

“ఆరేళ్ళ కిందటి మాట. ఆవిడకేం గుర్తుంటుంది?”

“అన్నయ్యా, లిఫ్టు కదల్లేదని ఫోనొస్తే నువ్వేం చేస్తావ్? లిఫ్టుని తిడతావా?”

“లిఫ్టుకి పొగరుండదే.”

“తెరిచి చూస్తావా లేదా?”

“చూస్తాను. ఇప్పుడూ చూస్తాను, నువ్వే చూడు.” రేడియో వైపు తిరిగాడు. “నిన్నటి పాఠం చదవ్వే.”

అది పుస్తకం దగ్గరికి లాక్కుంది. వేలు పేజీ మీద పెట్టింది. ఒక్క క్షణం ఆగి మొదలుపెట్టింది. ఓడరేవులో దీపస్తంభం గురించిన పాఠం. ఎక్కడ ఆపాలో అక్కడ ఆపుతూ, ఎక్కడ గొంతు పెంచాలో అక్కడ పెంచుతూ పేజీ చివరిదాకా చదివేసింది. అన్నయ్య నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. ఆ మొహంలో గెలుపు కంటే ఎక్కువగా ఊపిరి పీల్చుకోవడం కనిపించింది. కూతురికి ఏమీ లేదని అతను ఎంతగా కోరుకుంటున్నాడో అప్పుడే నాకు తెలిసింది.

కానీ నా కళ్ళని పనిచేయకుండా ఆపలేను కదా. ఆ పేజీ మధ్యలో ఒక లైను అచ్చుతప్పు వల్ల రెండుసార్లు పడింది, ఒకదాని కింద ఒకటి. రేడియో దాన్ని ఒక్కసారే చదివింది. తడబడలేదు, ఆగలేదు, ఇదేంటి మళ్ళీ వచ్చిందని అడగలేదు. దాని వేలు కూడా అప్పటికి ఎక్కడో పై పేరాలో ఉంది.

పుస్తకం తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. వదిన కుళాయి తిప్పబోతోంది.

“వదినా, ఈ లైను చూడు. రెండుసార్లుంది. ఇది ఒక్కసారే చదివిందేంటి?”

వదిన చూసింది. కుళాయి మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.

“నేను ఒకసారే చదివాను,” అంది.

నాకు మొదట అర్థం కాలేదు. తనే చెప్పుకొచ్చింది. పొద్దున జడ వేసేటప్పుడు ఆ రోజు పాఠం తనే పైకి చదువుతుందట. రెండుసార్లు వింటే పిల్లకి మొత్తం వచ్చేస్తుందట. నాలుగేళ్ళుగా ఇదే వరస. విన్నది ఉంటుంది, చూసింది ఉండదు. తను డ్యూటీకి తొందరగా వెళ్ళిన రోజున సాయంత్రం మూగనోము.

“ఆయన కేకలు తప్పించడానికి మొదలుపెట్టాను,” అంది వదిన. “తర్వాత మానలేకపోయాను. దొంగతనం చేయిస్తున్నట్టే ఉండేది నాకు. ఎవరికి చెప్పను? నీకు చెప్తే భూతద్దం పట్టుకొచ్చి నన్నే దిద్దుతావు.”

“దిద్దేదాన్నే,” అన్నాను. ఇద్దరం నవ్వబోయి నవ్వలేకపోయాం. వదిన చెంగుతో మొహం తుడుచుకుని, “మీ పై గది ఫారం ఎక్కడుందో తే. సంతకం నేను పెడతా,” అంది.

అన్నయ్యకి చెప్పకుండా పెట్టిన సంతకం కాదు అది. బల్ల దగ్గరికి తీసుకెళ్ళి, అతని ఎదురుగానే పెట్టింది. అన్నయ్య వద్దనలేదు. “నేనూ వస్తా. ఏ లోపమూ లేదని అక్కడే తేలుస్తా,” అన్నాడు.

పై గదిలో మాట్లాడే రోజు గడువుకి ఇంకా తొమ్మిది రోజులుండగా వచ్చింది. ఆ మధ్యలో నేను మిగతా టీచర్లని కూడా పట్టుకున్నాను. ఒకాయన నేను అలాంటి అర్థంలో రాయలేదన్నాడు, ఎలాంటి అర్థంలో రాశాడో చెప్పలేకపోయాడు. ఒకావిడకి మా పిల్ల మొహమే గుర్తు లేదు. పన్నెండో పదమూడో లేదులకి సమాధానం దొరికింది, మిగతావాటి పక్కన ప్రశ్నార్థకాలే మిగిలాయి. అప్పుడు కూర్చుని ఆలోచిస్తే ఒక సంగతి తట్టింది. ఈ మాటని ఎవరు రాసినా తేలదు. పిల్ల గురించి ఇంకొకరు చెప్పినంతకాలం రెండర్థాలే. అదే తన గురించి తను చెప్పుకుంటే? ‘చదవలేదు’ వేరు, ‘చదవలేను’ వేరు. చెప్పాల్సిన మనిషి ఒక్కతే. ఆ మనిషి ఇల్లు దాటితే నోరు విప్పదు.

ముందు రోజు ఆ ముప్పై ఒక్క వాక్యాలనీ తెల్లకాగితం మీద మళ్ళీ రాశాను. ప్రతిదాన్నీ ‘నేను’తో మొదలుపెట్టి, చివరి ముక్క రాయకుండా ఖాళీ వదిలాను. రేడియోకి చూపించలేదు. నేర్పి చెప్పించినట్టు ఉండకూడదని.

విద్యా ఆఫీసు మేడం పదింటికి వచ్చింది. మెడలో గొలుసుకి వేలాడే కళ్ళజోడు, చేతిలో ఆ రోజు చూడాల్సిన ఏడు ఫైళ్ళు. మనిషి మంచిదే, తొందరలో ఉంది. కుర్చీలన్నీ గోడవారకి జరిపి మధ్యలో బల్ల వేశాం. రేడియో నా పక్కన కూర్చుంది, ఒళ్ళో చేతులు బిగించి. అన్నయ్య కిటికీ దగ్గర కుర్చీ అంచున కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. వదినకి బేకరీలో సెలవు దొరకలేదు.

“ఫైలు చూశాను,” అంది ఆఫీసు మేడం. “చదవలేదు, రాయలేదు, మాట్లాడలేదు. అన్నీ స్పష్టంగానే ఉన్నాయి కదండీ.”

“అదే స్పష్టంగా లేదండి,” అన్నాను. నా పని ఫారం నింపడమే అని గుర్తొచ్చి పెద్ద టీచర్ వైపు చూశాను. ఆవిడ తలూపింది. చెప్పాను, ఎలాగో తడబడుతూ. ఆఫీసు మేడం కళ్ళజోడు పెట్టుకుని ఫైలు మళ్ళీ తెరిచింది. పెదాలు కదుపుతూ మూడు కాగితాలు చదివింది.

“నేనూ ఇలాగే రాస్తానే,” అంది తనలో తను. తర్వాత నాతో, “అయితే ఎలా తేలుస్తారు?”

“అమ్మాయినే అడుగుతానండి. సగం వాక్యం నేను చదువుతాను. తోక తను తగిలించాలి.”

“మాట్లాడదన్నారు కదా?”

“చూద్దామండి.”

కాగితం బల్ల మీద పెట్టాను. రేడియో దాని వంక చూడలేదు.

“నేను పాఠం చదవ...” అని ఆపాను.

కింద షాపులో ఎవరో కళ్ళు చూపించుకుంటున్నారు, గోడ మీది అక్షరాలు ఒక్కొక్కటే పైకి చదువుతున్నారు. అవి కిటికీలోంచి మాకు వినిపిస్తున్నాయి. ఇది నోరు విప్పకపోతే తొమ్మిది రోజుల్లో రైలెక్కించాలి. అన్నయ్య ఏదో అనబోయాడు, పెద్ద టీచర్ చెయ్యెత్తి ఆపింది. రేడియో వాళ్ళ నాన్న వైపు ఒకసారి చూసి, తల దించుకుంది.

“లేను,” అంది.

గొంతు చాలా చిన్నగా వచ్చింది. నేను ఆగకుండా రెండోది అందుకున్నాను, ఆగితే నేనే ఏడ్చేస్తానని.

“డిక్టేషన్ రాయ...”

“లేను.”

“బోర్డు మీది లెక్క ఎక్కించుకో...”

“లేను.” ఆగి, “నోటితో చెప్తే చేస్తా,” అంది.

పెద్ద టీచర్ ఫారం తన ముందుకి లాక్కుని తనే టిక్కులు పెట్టడం మొదలుపెట్టింది.

“ఒక చోట కూర్చో...”

“లేదు. ఆ వారం సెగ్గడ్డ లేచింది.”

ఆఫీసు మేడం చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రేడియో ఆవిడని చూసి కొంచెం తలెత్తింది. ఆ తర్వాత నడక అందుకుంది. కొన్ని లేదులు, ఎక్కువ లేనులు. రెండు మూడు చోట్ల నేను ఒకలా అనుకుంటే అది ఇంకోలా చెప్పింది. నేను కనుక్కుని రాసుకున్న పన్నెండింటిలో మూడు తప్పని తేలాయి.

“అడిగినదానికి జవాబు చెప్ప...”

రేడియో ఆలోచించింది. “ను,” అంది.

ఈ మూడో తోక ఉందని నాకు తట్టనే లేదు. ఆఫీసు మేడం ముందుకి వంగింది. “చెప్పవా? ఎందుకని?”

“తప్పు చెప్తే నవ్వుతారు. చెప్పకపోతే తిడతారంతే.” తర్వాత మర్యాద గుర్తొచ్చి, “తిడతారండి,” అంది.

ఆఫీసు మేడం కలం తీసి తన ఫైలు మొదటి కాగితం మీద ‘మాట్లాడలేని’ అన్న మాటని కొట్టేసింది. పక్కన పొట్టి సంతకం పెట్టింది. ‘చదవలేను’ అన్న మాట దగ్గర్నించీ అన్నయ్య కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

ఇంక ఒక్కటే మిగిలింది, ముప్పై ఒకటోది. అది టీచర్లు రాసింది కాదు. పోయిన ఏడాది తల్లిదండ్రుల అభిప్రాయం అన్న చోట అన్నయ్య రాసింది, మొత్తం పెద్ద పెద్ద అక్షరాలతో. ‘కష్టంగా ఉందని మా అమ్మాయి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.’ చదవాలా వద్దా అని సందేహించాను. వరసలో ఉన్నది కాబట్టి చదివాను.

“కష్టంగా ఉందని ఇంట్లో చెప్ప...”

ఊళ్ళో సంగతులన్నీ గొంతులు మార్చి చెప్పే పిల్ల, ఒక్క ముక్క కోసం బల్ల అంచు పట్టుకుని కూర్చుంది.

“లేను,” అంది. “ఇంట్లో చెప్పలేను.”

ఆఫీసు మేడం వసతి పాఠశాల కాగితం మీద అడ్డంగా ఒక గీత గీసి, ‘రద్దు’ అని రాసి తారీఖు వేసింది. పెద్ద టీచర్ చేరిక ఫారం చివర సంతకం పెట్టి, సోమవారం నుంచి రమ్మంది. మొదటి నెలంతా పుస్తకం ఉండదనీ, చెవితోనూ చేతితోనూ మొదలుపెడతామనీ, కళ్ళ దగ్గరికి తర్వాత వస్తామనీ చెప్పింది. చదవడం వస్తుందా అని అన్నయ్య అడగలేదు. తండ్రి సంతకం చేయాల్సిన చోటు చూపిస్తే చేశాడు. అక్షరాలు గీత దాటిపోయాయి, అవి అలాగే ఉండనిచ్చాను.

ముగ్గురం మెట్లు దిగుతున్నాం. ముందు అన్నయ్య, వెనక రేడియో, ఆఖర్న నేను. మొదటి మలుపు దగ్గర అన్నయ్య ఆగిపోయాడు. మాకు దారి లేక మేమూ ఆగాం. వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

“నేను ఎప్పుడూ అడగలేదు కదే.”

“ఇప్పుడడుగు,” అంది రేడియో.

అతను రైలింగు మీద చెయ్యి వేశాడు, తీశాడు. చివరికి ఇస్త్రీ బట్టలతో ఆ దుమ్ము మెట్టు మీదే కూర్చున్నాడు. అది వెళ్ళి పక్కన కూర్చుంది.

“పుస్తకం తెరిస్తే నీకేం కనిపిస్తుంది?”

“అక్షరాలే. అక్షరాలని తెలుస్తుంది. ఒకదాన్ని పట్టుకుంటా. రెండోదాన్ని పట్టుకునేసరికి మొదటిదేంటో పోతుంది. వత్తులున్నాయనుకో, ఏది దేనిదో తెలీదు.” రేడియో చేతులు తిప్పుతూ చెబుతోంది, ఇంట్లో చెప్పినట్టే. “మెల్లిగా చూస్తే ఒక్కోసారి నిలబడతాయి. పొద్దున పూట ఒక్కదాన్నే ఉన్నప్పుడు మూడు నాలుగు మాటలు కూడా నిలబడ్డాయి తెలుసా?”

“ఊఁ.”

“నువ్వు పక్కన కూర్చుంటే మాత్రం ఒక్కటీ నిలబడదు.”

అన్నయ్య దాని వంక చూశాడు. మింగుడుపడని మాట అది. లేచి వెళ్ళిపోతాడేమోనని నేను రైలింగు గట్టిగా పట్టుకున్నాను.

“ఊఁ,” అన్నాడు. “ఇంకా చెప్పు.”